దత్తత పత్రములు – తెలిసికొను హక్కు, దాచుకొను హక్కు : ఒక పరిశీలన

మహాభారతములోని అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టమును తరగతిలో బోధించునపుడు మేము ఎప్పుడును ఒకచోట కొంతసేపు ఆగుదుము. అర్జునునితో తలపడుటకు సిద్ధమై రంగమధ్యమున నిలిచిన కర్ణుని కృపాచార్యుడు నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది అని అడుగును. అంతవరకు ధనుస్సు పట్టి గర్జించిన వీరుడు ఆ ఒక్క ప్రశ్నకు తల వంచును. దానికి సమాధానము తెలిసిన మనిషి దూరముగా లేదు; ఆ రంగస్థలమునందే స్త్రీల నడుమ కూర్చుండి యున్నది. ఆమె మూర్ఛపోయినదే గాని పెదవి విప్పలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ పాఠము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి మాత్రము తరగతిలో వెనుక నిలిచి, "సార్, కర్ణుడు తన కన్నతల్లి ఎవరో తానే వెదకి తెలిసికొని ఉంటే తప్పు అయ్యేదా?" అని మమ్ము అడుగుట జరిగినది. ఆ ప్రశ్న కర్ణుని గురించి కాదని ఆ ముఖము చూడగానే మాకు అర్థమైనది. అయినను మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. పరీక్షలు దగ్గరపడినవి, చదువు మీద మనస్సు పెట్టుమని చెప్పి పంపివైచితిమి. ఆ విద్యార్థి ఎవరో, ఏ సంవత్సరపు తరగతియో, బాలుడో బాలికయో గూడ ఇక్కడ చెప్పము. ఆ కథ చెప్పు హక్కు మాది కాదు. కాని ఆనాడు చెప్పని సమాధానము మాపై బాకీగా మిగిలినది. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుటకు మేము చేయు ప్రయత్నము.

ముగ్గురు మనుషులు – ఒక కాగితము

దత్తత పత్రము చూచుటకు ఒక కాగితమే. కాని దానిపై ముగ్గురి జీవితములు వ్రాయబడి యుండును. బిడ్డను విడిచిన తల్లి ఒకరు, పెంచిన తల్లిదండ్రులు ఒకరు, పెరిగిన బిడ్డ ఒకరు. మొదటి ఇద్దరును ఆ పత్రముపై సంతకము చేయుదురు. మూడవ మనిషి సంతకము చేయడు. అతని వయస్సు అప్పటికి దినములలోనో నెలలలోనో ఉండును. అయినను ఆ పత్రము చేత అందరికంటె ఎక్కువగా కట్టుబడువాడు అతడే. తాను సమ్మతింపని ఒప్పందమును తాను ఎంతవరకు మన్నింపవలెను అన్నదే ఈ సమస్యలోని ముడి.

తల్లి పక్షమున చెప్పవలసినదియు తక్కువ కాదు. పెండ్లి కాని ఆడపిల్లయో, భర్త విడిచిన ఇల్లాలో, అత్యాచారమునకు గురియైన అభాగ్యురాలో, ఎవరికిని తెలియదన్న నమ్మకముతో బిడ్డను అప్పగించి యుండవచ్చును. ఇరువది యేండ్ల తరువాత ఆమెకు వేరొక సంసారము, వేరొక ఊరు, ఏమియు ఎరుగని భర్త, ఎదిగిన పిల్లలు ఉండవచ్చును. ఒకనాటి మధ్యాహ్నము తలుపు తట్టి "అమ్మా" అన్న పిలుపు వినబడినచో అది ఆమెకు వరము కావచ్చును, పిడుగు కావచ్చును. ఏది యగునో బయటివారు నిర్ణయింపజాలరు.

కావున "తెలిసికొనుట" అను మాటను మనము కొంత విడదీసి చూడవలెను. అందులో నాలుగు మెట్లు ఉన్నవి. తాను దత్తత బిడ్డనన్న నిజము తెలియుట మొదటి మెట్టు. ఏ పరిస్థితులలో తాను వచ్చెనో, కన్నవారి ఆరోగ్య చరిత్ర ఏమో, పేర్లు లేకుండ తెలియుట రెండవది. కన్నవారి పేరు, ఊరు తెలియుట మూడవది. వారిని ముఖాముఖి కలిసికొనుట నాలుగవది. ఈ నాలుగింటిని ఒకే ముద్దగా చేసి, అన్నియు ఇయ్యవలెనని ఒకరు, ఏదియు ఇయ్యరాదని ఒకరు వాదించుట వలననే చాలవరకు చిక్కు ఏర్పడినది.

రహస్యము ఎట్లు పుట్టినది?

దత్తత పత్రములకు సీలు వేయుట అనాదిగా వచ్చిన ఆచారము కాదు. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో మొదట ఈ పత్రములను మూసినది బయటివారి కంటబడకుండుటకే. పెండ్లి కాని తల్లికి పుట్టినవాడన్న ముద్ర బిడ్డపై పడరాదని కన్నవారి పేర్లున్న మూల జనన పత్రమును లోపల పెట్టి, పెంచినవారి పేర్లతో క్రొత్త పత్రము నిచ్చెడివారు. ఊరివారి కుతూహలమును ఆపుటకు వేసిన ఆ తాళము కాలక్రమమున బిడ్డకు గూడ అడ్డు తాళమైనది. అలాస్కా, కాన్సస్ రాష్ట్రములు మాత్రము పెద్దవాడైన దత్తత బిడ్డకు తన మూల జనన పత్రమును ఎన్నడును నిరాకరింపలేదు.

ఇంగ్లండులో దత్తతకు మొదటి చట్టము 1926లో వచ్చినది. జనన నమోదునకును దత్తత నమోదునకును ఉన్న సంబంధమును రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయము రహస్యముగా ఉంచెడిది. స్కాట్లండులో మాత్రము 1930 నాటి చట్టము నుండియే పదునేడేండ్లు నిండినవారు తమ జనన నమోదును చూడగలిగిరి. ఆ అనుభవమును పరిశీలించిన పిమ్మట ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో 1975 నాటి బాలల చట్టము పదునెనిమిదేండ్లు నిండిన దత్తత బిడ్డలకు ఆ హక్కునిచ్చినది. అయితే ఒక షరతు ఉన్నది. 1975 నవంబరు 12వ తేదీకి ముందు దత్తత పోయినవారు పత్రము చూచుటకు ముందు కౌన్సెలింగునకు హాజరు కావలెను. ఆనాటి తల్లులు రహస్యము నిలుచునన్న నమ్మికతో సంతకము చేసినారు గనుక ఈ జాగ్రత్త.

ఈ హక్కుకు గూడ ఎల్ల ఉన్నదని అక్కడి న్యాయస్థానములు చెప్పినవి. హత్యా నేరములు చేసి భద్రతగల చికిత్సాలయములో నిర్బంధమునందున్న ఒకడు తన జనన పత్రము కోరగా, కన్నతల్లి ప్రాణమునకు ముప్పు కలుగవచ్చునని రిజిస్ట్రార్ జనరల్ నిరాకరించెను. 1990 ప్రాంతమున న్యాయస్థానములు ఆ నిరాకరణను సమర్థించినవి. చట్టములో అక్షరములు ఎంత స్పష్టముగా ఉన్నను, ఒకరి ప్రాణము మీదికి తెచ్చు హక్కు ఎవరికిని లేదన్నది ఆ తీర్పులోని సారము.

ఇతర దేశములు తొక్కిన త్రోవలు

ఈ సమస్యను ఆయా దేశములు ఆయా మెట్లవద్ద పరిష్కరింప జూచినవి.

న్యూజిలాండు 1985లో ఒక చట్టము చేసి ఇరువదియేండ్లు నిండినవారికి మూల జనన పత్రమును పొందు హక్కునిచ్చినది. 1986 మార్చికి ముందు జరిగిన దత్తతల విషయమున కన్న తల్లిదండ్రులు తమ వివరములు ఇయ్యరాదని అభ్యంతరము నమోదు చేయవచ్చును. అది పదియేండ్లు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును. ఇది మూడవ మెట్టు వద్ద పెట్టిన గడియ. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రపు 1990 నాటి చట్టము ఆ గడియను నాలుగవ మెట్టునకు జరిపినది. పేరు చెప్పుదురు, కాని వద్దన్నవారిని కలిసికొనజూచుట నేరము.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున 1998లో ప్రజలే ఓటు వేసి మూల జనన పత్రములను తెరిపించిరి. వ్యాజ్యములు ముగిసిన పిమ్మట 2000 సంవత్సరమున అది అమలులోనికి వచ్చినది. అక్కడ తల్లి తన అభీష్టమును ఒక పత్రముపై తెలుపవచ్చును. దానిని మన్నించుట బిడ్డ సంస్కారమునకు విడిచిపెట్టిరి.

ఫ్రాన్సులో తల్లి తన పేరు చెప్పకుండ ఆసుపత్రిలో ప్రసవించు ఏర్పాటు చిరకాలముగా ఉన్నది. ఆ విధముగా పుట్టిన ఒక స్త్రీ మానవ హక్కుల యూరోపియన్ న్యాయస్థానమునకు వెళ్ళినది. 2003లో పదిమంది న్యాయమూర్తులు ఫ్రాన్సు పక్షమునను, ఏడుగురు ఆమె పక్షమునను తీర్పు చెప్పిరి. తల్లి సమ్మతించినచో రహస్యమును విడదీయుటకు ఫ్రాన్సు 2002లో ఒక జాతీయ మండలిని ఏర్పరచినందున అక్కడ ఒక తూకము ఉన్నదని మెజారిటీ వారి అభిప్రాయము. ఇటలీలో అట్టి మార్గమేదియు లేకపోవుట వలన 2012లో అదే న్యాయస్థానము ఆ దేశము తప్పు చేసినదని తీర్పు చెప్పినది. తల్లిని మరల ఒకసారి అడిగి చూచు త్రోవ కూడ లేకపోవుటయే ఆ తప్పు.

ఐర్లండులో పెండ్లి కాని తల్లులు దశాబ్దముల తరబడి ఆశ్రమములలో ప్రసవించి బిడ్డలను కోల్పోయినారు. అక్కడ 2022 నాటి చట్టము పదునారేండ్లు నిండినవారికి జనన సమాచారమును పూర్తిగా ఇచ్చుచున్నది. కన్నవారు కలియుట ఇష్టము లేదని నమోదు చేసియుంటే, ఆ సంగతి బిడ్డకు వివరముగా చెప్పిన తరువాతనే పత్రములు ఇచ్చెదరు.

భారతదేశమున చట్టము

మన దేశములో 1890 నాటి సంరక్షకుల చట్టము సంరక్షణను మాత్రమే ఇచ్చును. 1956 నాటి హిందూ దత్తత చట్టము హిందువులకు వర్తించును. విదేశ దత్తతల పేరిట జరుగు అక్రమములపై ఒక న్యాయవాది వ్రాసిన లేఖనే సుప్రీం కోర్టు పిటిషనుగా స్వీకరించి, 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసున జస్టిస్ భగవతి నోట చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించినది. బిడ్డ పెద్దవాడైన పిమ్మట కన్నవారిని గూర్చి తెలిసికొనగోరినచో చెప్పుటకు పెద్ద అభ్యంతరము ఉండనక్కరలేదని ఆ తీర్పు అభిప్రాయపడినది. అయితే చెప్పుట, చెప్పకపోవుట పెంచినవారి విచక్షణకే విడిచినది. హక్కు ఇంకను బిడ్డ చేతికి రాలేదు.

పిమ్మట 1990లో కేంద్ర దత్తత సంస్థ 'కారా' ఏర్పడినది. ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 1992లోను, దేశాంతర దత్తతలను గూర్చిన హేగ్ ఒడంబడికలో 2003లోను భారతదేశము చేరినది. బిడ్డ మూలములను గూర్చిన సమాచారమును భద్రపరచవలెనని, ఆ దేశపు చట్టము అనుమతించినంత మేరకు తగిన మార్గదర్శనముతో బిడ్డకు అందింపవలెనని హేగ్ ఒడంబడిక 30వ అధికరణము నిర్దేశించుచున్నది.

నేడు దత్తతలు 2015 నాటి బాల న్యాయ చట్టము క్రింద నడుచుచున్నవి. 2022 నాటి దత్తత నిబంధనలలో మూలాన్వేషణకు ప్రత్యేకమైన స్థానమున్నది. పదునెనిమిదేండ్లు నిండినవారు స్వయముగా దరఖాస్తు చేసికొనవచ్చును. అంతకు చిన్నవారు పెంచిన తల్లిదండ్రులతో కలిసి చేయవలెను. దత్తత సంస్థ గాని, జిల్లా బాలల సంరక్షణ విభాగము గాని, రాష్ట్ర సంస్థ గాని, కారా గాని అడిగినవారికి సాయపడవలెను. కన్నవారు ఇష్టపడనప్పుడు, లేదా వారి జాడ దొరకనప్పుడు, ఏ కారణములచే, ఏ పరిస్థితులలో బిడ్డను అప్పగించిరో బిడ్డకు చెప్పవలెను. మూడవ వ్యక్తి వెదకుటకు అనుమతి లేదు. బిడ్డ హక్కు కన్నవారి గోప్యతను భంగపరచరాదని గూడ నిబంధన స్పష్టము చేసినది. అనగా మన దేశమున రెండవ మెట్టు వరకు తలుపు తెరిచియున్నది. మూడవ మెట్టు వద్ద తల్లి అనుమతి కావలెను.

2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసున గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా ప్రకటించినది. ఇది తల్లికి మాత్రమే అండ అని కొందరు తలచెదరు. మా దృష్టిలో అది సగము నిజమే. తన పుట్టుకను గూర్చిన సంగతి ఇతరుల బీరువాలో ఉండి తనకు మాత్రము అందకపోవుట బిడ్డ వ్యక్తిత్వమునకు గూడ భంగమే.

కాగితమే అబద్ధమైనచో?

ఈ తూకమంతయు పత్రములోని మాట నిజమన్న నమ్మకముపై నిలిచియున్నది. ఆ నమ్మకము మన నేలపైననే వమ్మైన సందర్భములు కలవు. 1999లోను, 2001లోను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ తండాల నుండి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్మునకు కొని దత్తతకు పంపుచున్నారన్న సంగతి బయటపడి దేశమంతట సంచలనము కలిగించినది. తల్లి తనంతట తాను అప్పగించెనని కాగితము చెప్పును. ఆ కాగితముపైనున్న వ్రేలిముద్ర వెనుక పేదరికము, మధ్యవర్తి, మాయమాట ఉండవచ్చును. అట్టిచోట "తల్లి గోప్యత" అను మాట ఎవరిని కాపాడును? తల్లిని కాదు, బిడ్డను అమ్మినవానిని. ఆ తల్లులలో తమ బిడ్డ ఎక్కడ ఉన్నదో తెలియవలెనని కోరువారును ఉండవచ్చును గదా.

అప్పగింత తరువాత పునరాలోచించుకొనుటకు కన్నవారికి రెండు నెలల గడువును చట్టము ఇచ్చినది ఇందుకే. గోప్యత పేరిట మోసమును కప్పిపుచ్చుటకు వీలులేదు. వ్యక్తుల పేర్లకు రహస్యముండవచ్చును గాని, సంస్థలు జరిపిన పనికి రహస్యముండరాదు.

మన ఇండ్లలో

మన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది ముస్లిము కుటుంబములవారు గనుక ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇస్లాము అనాథను పెంచుటను మహాపుణ్యముగా చెప్పినది. వంశమును మార్చి చెప్పుటను మాత్రము అంగీకరింపలేదు. హజ్రత్ జైద్ చరిత్ర ఇందుకు నిదర్శనము. బాల్యమున బందీయై అమ్ముడుపోయిన జైద్ ప్రవక్త మహమ్మద్ (స) వారి ఇంట చేరెను. వెదకివెదకి తండ్రి హారిసా వచ్చినపుడు ఎంచుకొను స్వేచ్ఛ జైద్‌కే ఇయ్యబడినది. అతడు ప్రవక్త వద్దనే ఉండ నిశ్చయించుకొనెను. ప్రవక్త అతనిని కుమారునిగా ప్రకటించిరి. పిమ్మట ఖురానులోని 'అహ్‌జాబ్' అధ్యాయము పెంచినవారిని వారి కన్నతండ్రుల పేరుతోనే పిలువుడని ఆదేశింపగా అతడు మరల జైద్ బిన్ హారిసా అయ్యెను. పేరు మారినది; ప్రేమ మారలేదు. తండ్రి ఎవరో తెలియనివారు ధర్మసోదరులని గూడ ఆ అధ్యాయమే చెప్పినది. తెలియకపోవుట అవమానము కాదన్నమాట.

అయినను ఆచరణ వేరుగా ఉన్నది. సంతానము లేని అన్నకు తమ్ముడు తన బిడ్డనిచ్చుట మన ఇండ్లలో అరుదు కాదు. బడిలో చేర్చునాడు పెంచినవారి పేరే తండ్రి పేరుగా వ్రాయింతురు. ఏ కార్యాలయములోను దత్తత పత్రముండదు. ఉన్న పత్రమంతయు నానమ్మ జ్ఞాపకమే. ఆమె కన్ను మూసిననాడు రికార్డు గది కాలిపోయినట్లే. షరీఅత్‌లో ఎవరిని పెండ్లాడవచ్చును, ఎవరిని పెండ్లాడరాదు అన్నది రక్తసంబంధముపైనను, స్తన్యసంబంధముపైనను ఆధారపడియుండగా ఈ మౌనము ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇష్టపడిన ముస్లిములు బాల న్యాయ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో షబ్నం హాష్మీ కేసున సుప్రీం కోర్టు చెప్పినది. అది ఐచ్ఛికమే గాని నిర్బంధము కాదు. ఆ మార్గమున పోవువారైనను, సంరక్షణ మాత్రము స్వీకరించి హిబా ద్వారానో వసీయత్ ద్వారానో బిడ్డకు ఆస్తి ఏర్పాటు చేయువారైనను, నిజమును ఒక కాగితముపై వ్రాసి భద్రపరచుట ఉభయులకును విధి.

మా అభిప్రాయము

ఇంతవరకు చెప్పినదానినుండి మేము కొన్ని నిర్ణయములకు వచ్చితిమి.

మొదటి మెట్టు పూర్తిగా బిడ్డది. తాను పెంపుడు బిడ్డనన్న నిజమును పెంచినవారే, చిన్ననాటనే, తమ నోటనే చెప్పవలెను. పెండ్లిపందిరిలో బంధువు నోట వినుట, ఆస్తి తగాదాలో దాయాది నోట వినుట వంటి శిక్ష మరొకటి లేదు.

రెండవ మెట్టు ఇంచుమించుగా బిడ్డదే. వంశములో మధుమేహమున్నదా, గుండెజబ్బు ఉన్నదా అన్నది తెలియుట వలన ఎవరి మర్యాదకును భంగము లేదు.

మూడవ మెట్టున తల్లిని ఒకసారి, మెలకువ గలవారిచేత, గుట్టుగా అడుగవలెను. అడుగకుండ పేరు ఇచ్చుట అన్యాయము. అడుగకుండ నిరాకరించుటయు అన్యాయమే. ఆనాడు వద్దన్న తల్లి ఈనాడు ఎదురుచూచుచుండవచ్చును.

నాలుగవ మెట్టు ఇరువురి సమ్మతిపైననే నిలుచును. కలయిక హక్కు కాదు; అది ఒకరికొకరు ఇచ్చుకొను కానుక.

ఈ మెట్లను దాటించు క్రొత్త త్రోవ ఒకటి నేడు వచ్చినది. లాలాజలమును పంపినచో జన్యుపరీక్ష జరిపి దూరపు బంధువులను చూపు కంపెనీలు విదేశములలో అనేకము. వాని ద్వారా కన్నతల్లి జాడ పట్టినవారు కలరు. ఆ త్రోవలో ముందుగా అడుగు మధ్యవర్తి లేడు. తల్లి రహస్యము ఆమె మేనల్లుని కంప్యూటరులో బయటపడవచ్చును. చట్టపు తలుపు మరీ బిగించినచో జనులు గోడ దూకుదురని ప్రభుత్వములు గ్రహింపవలెను.

ముగింపు

కుంతి తన రహస్యమును కర్ణునికి యుద్ధమునకు ముందు చెప్పినది. మిగిలిన కుమారులకు అతడు మరణించిన పిమ్మట చెప్పినది. ధర్మరాజు దుఃఖము పట్టలేక, ఇకమీదట స్త్రీల నోట రహస్యము నిలువకుండుగాక అని శపించెనట. ఆడవారి నోట నువ్వు గింజ నానదన్న సామెతకు జనులు ఈ కథనే మూలముగా చెప్పుదురు. మాకు ఆ శాపము ఎన్నడును న్యాయముగా తోచలేదు. పెండ్లి కాని తల్లిని బ్రదుకనీయని లోకమును విడిచి, ఆ లోకమునకు జంకి నోరు మూసికొనిన స్త్రీని శపించుటలో ధర్మమేమున్నది? రహస్యమునకు అవసరమే లేని సమాజమున ఈ రెండు హక్కులకును ఇంత సంఘర్షణ ఉండదు.

ఇక ఆనాటి ప్రశ్నకు మా సమాధానము. వెదకుట తప్పు కాదు. కన్నవారిని గూర్చి అడుగుట పెంచినవారికి ద్రోహము కాదు. రాధ ప్రేమను కర్ణుడు చివరివరకు మరువలేదు. వెదకునపుడు వీధిలో కేకవేసి అడుగక, చట్టము చూపిన ద్వారము వద్ద నిలిచి తట్టుము. లోపలినుండి సమాధానము రానిచో దానిని నీ విలువకు కొలతగా తీసికొనకుము. అది ఒక స్త్రీ భయమునకు మాత్రమే గుర్తు. ఈ సంచిక ఎక్కడనైనను ఆ విద్యార్థి చేతికి అందినచో, ఆలస్యమునకు మమ్ము క్షమింపవలెనని కోరుచున్నాము.